మిరప కోతలకు ముందు రోజు తీసిన సినిమా

బొమ్మల్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీసి, వాటిని వరసగా తిప్పితే బొమ్మలు నడుస్తాయి. స్టాప్ మోషన్ అంటే ఇంతే. గుంటూరు బడుల్లో నేను పిల్లలకు నేర్పేది ఇదే. యర్రగొండపాలెం దగ్గర ఒక ఊళ్ళో పనిచేసే నా స్నేహితురాలు రమణ టీచర్ "మా పిల్లలేం తక్కువ తిన్నారా? రెండు రోజులు రా" అని దెప్పేసరికి పౌరుషం వచ్చి ఫిబ్రవరిలో బయల్దేరాను.

గుంటూరులో తెల్లవారుజామున రైలెక్కితే, ఆలస్యం కాకపోతే, తొమ్మిదిలోపు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగొచ్చు. అక్కణ్ణుంచి బస్టాండుకు షేర్ ఆటో ముప్పై రూపాయలు. యర్రగొండపాలెం బస్సు గంటకు పైగా పడుతుంది. దారిలో ఎదురుగా మినీ లారీలు వస్తున్నాయి. వాటి నిండా మనుషులు, చాపలు, బిందెలు, ఒకదాంట్లో కోళ్ళు కూడా. ఎక్కడ తిరునాళ్ళని కండక్టర్ని అడిగాను. "తిరునాళ్ళేందక్కా!" అని నవ్వి, టికెట్ చేతిలో పెట్టి ముందుకు పోయాడు.

రమణ స్కూటీ మీద బడికి చేరేసరికి పదకొండు దాటింది. ఐదో తరగతి. ఫోన్‌ను తాడుతో స్టూలుకు కట్టి, చింతగింజల్ని గొంగళిపురుగులా పాకించి చూపించాను. పిల్లలు పైకప్పు లేచిపోయేలా అరిచారు. మీ కథ చెప్పండి, అదే తీద్దాం అన్నాను. దీవెన అనే సన్నపాటి పిల్ల లేచింది.

"అందరం బెంచీల మీద కూచోవాల మేడం. ఒక్కొక్కరం మాయమైపోవాల."

భలే మాయ కథ అనుకుని ఎగిరి గంతేశాను. ఒక్కో పిల్లను లేపడం, ఒక్కో ఫొటో తీయడం. సంచులు బెంచీ మీదే ఉంచితే ఇంకా బాగుంటుందన్నాను. "సంచులు గూడా పోతాయి మేడం" అంది దీవెన కచ్చితంగా. చివరికి నల్లబల్ల, దాని మీద భిన్నాల లెక్కలు, ఎదురుగా ఖాళీ బెంచీలు మిగిలాయి.

"ఇంతకీ ఏ దయ్యం ఎత్తుకుపోయింది?"

"దయ్యమేంది మేడం! మిరపకాయల కోతకు పోయినాం. మీ గుంటూరుకే."

పొద్దున చూసిన చాపలు, బిందెలు అప్పుడు అర్థమయ్యాయి. వెనక్కి వచ్చే సీను రేపు తీద్దామన్నాను. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్న బడి వంటామె గరిటె ఆపింది. "రేపు యాడుంటారమ్మా ఈ పిల్లోళ్ళు? కూలోళ్ళ మేస్త్రి ఫోన్ చేసినాడు, తెల్లారితే లారీ వస్తాది. రేపటికి సగం బియ్యమే పోస్తా." ఈ ప్రయాణం వచ్చే వారమే కదా అనుకున్న రమణ ముఖం పాలిపోయింది. ఇంట్లో ఉంచుకునే దిక్కు లేని పిల్లలందరూ పోవాల్సిందే.

తీసిన ఫొటోలనే వెనక నుంచి తిప్పుతా, అందరూ వచ్చేస్తారని దీవెనకు ఆశ పెట్టాను. తల అడ్డంగా ఊపింది. "మేం వచ్చేతలికి భిన్నాలు ఉండవు మేడం, పాఠం ముందుకు పోయుంటాది. పోయినేడు గూడా అట్లే అయింది. టీచరూ, దశాంశాలు రాయండి."

రమణ బల్ల తుడిచి, ఇంకా చెప్పని పాఠం రాసింది. దీవెన పట్టుబట్టి అందరికంటే ముందొచ్చి కూర్చుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నేను ప్రతి ఫొటోకీ "కదలొద్దు దీవెనా!" అని కసురుతూనే ఉన్నాను.

అన్నీ కలిపి తిప్పి చూస్తే అందరూ రాతిబొమ్మల్లా ఉన్నారు, ఒక్క దీవెన చెయ్యి తప్ప. అది ఆగకుండా ఆడుతూనే ఉంది. వెళ్ళి చూద్దును కదా, ఒళ్ళో పలక. రెండు వైపులా దశాంశాలు. ఒక్క లెక్క కూడా వదల్లేదు.

"రాసుకొని పోతే ఆడ చూసుకుంటా గదా మేడం" అంది. బడి వదిలాక గౌనుకు తగిలి చెరిగిపోకుండా ఆ పలకను రెండు చేతుల మీదా పెట్టుకుని నడిచిపోయింది.

ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఇల్లు మాది. ఆ కాయల వెనక ఒక ఐదో తరగతి ఖాళీ అవుతుందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. రమణ ఆ సినిమాను మళ్ళీ చూడలేనంది. నేను మాత్రం రోజూ చూస్తున్నాను, ఆ చెయ్యి ఆగుతుందేమోనని. మీరూ ఇటువైపు బడులకు వెళ్తుంటే డిసెంబరులోపే వెళ్ళండి. కోతల రోజుల్లో వెళ్తే మాత్రం, ఏ పిల్లతోనూ "మిగతాది రేపు" అనకండి.