మస్తాన్‌కు ఇవ్వని పాస్

నాకప్పుడు పదిహేడేళ్లు. రాయచోటి నుంచి నేనూ, నా స్నేహితుడు మస్తానూ కడపకు ఫుట్‌బాల్ సెలక్షన్లకు పోయినాం. జర్మనీ వింగర్ ఒకడు మా వయసులోనే పెద్ద జట్టులో ఆడిన వీడియోలు మస్తాన్ ఫోన్లో వందసార్లు చూసినోళ్లం. ఇద్దరమూ వింగర్లమే, మైదానం అంచెంబడి బంతితో ఉరికేటోళ్లం. జిల్లా జట్టులో మిగిలింది మాత్రం ఒక్క చోటే.

సెలక్షన్ మ్యాచ్‌లో మా ఇద్దరినీ ఒకే పక్క ఆడించినారు. చివరి నిమిషాల్లో బంతి నా దగ్గరుంది. గోల్ ముందర మస్తాన్ ఒక్కడే ఉన్నాడు.

"ఈడుండా, ఇయ్యప్పా!" అని అరిచినాడు.

విని కూడా ఇవ్వలేదు. నేనే కొట్టినాను. గోలైంది. నన్ను తీసుకున్నారు.

తిరుగు బస్సులో మస్తాన్ మెల్లగా అడిగినాడు, "నేను నీకు కనపడలేదు గదా?"

"లేదు మస్తానూ."

"సరేలే. బాగా ఆడు."

వాడు మళ్లీ మైదానానికి రాలేదు. ఇప్పుడు వెల్డింగ్ షాపులో పనిచేస్తున్నాడు. నేనూ రెండేళ్లకే ఆట మానేసినాను. ఎదురుపడితే ఇప్పటికీ టీ తాగిస్తాడు. నా మాట నమ్మినాడనే అనుకుంటాను. అదే నాకు శానా బాధ.