తొక్కి పట్టుకోవే!

స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందున్న పాత కారుని ఇంతవరకూ ఏ మెకానిక్కునీ ముట్టనివ్వలేదు.

పోయిన వేసవిలో బ్రేకు మెత్తబడింది. బ్రేకు నూనె పైపులో చేరిన గాలి తియ్యాలంటే ఒకరు లోపల బ్రేకు తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర బ్లీడర్ స్క్రూ వదులు చెయ్యాలి. పొద్దున్నే డ్రైవరు సీట్లో తలగడ పెట్టి పని మొదలెట్టాను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన స్క్రూ పుటుక్కున విరిగి, సగం లోపలే ఉండిపోయింది. నాకు రోషం పుట్టుకొచ్చింది. మంటతో కాల్చి, తంటాలు పడి మధ్యాహ్నానికి ఆ ముక్క లాగాను. కొత్త స్క్రూ బిగించి, కింద పడుకుని కేకేశాను.

"తొక్కి పట్టుకోవే!"

స్క్రూ వదిలితే చుక్క నూనె రాలేదు.

"తొక్కవేటే? తొంగున్నావేటి?" అని వీధంతా వినబడేలా అరిచాను.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ పోయి ఐదు నెలలైంది.

లేవబుద్ధి కాలేదు. కాసేపటికి కారు తలుపు చప్పుడైంది. పక్కింటి అప్పారావు.

"నాను తొక్కుతాను, సెప్పు బావా. ఈ తలగడేటి, తీసీమంటావా?"

కాళ్లు అందవని ఆవిడ వీపు వెనక పెట్టుకునేది. చేతి అలవాటుగా నేనే పెట్టేశాను.

"ఉండనీ" అన్నాను.

ఆరడుగుల మనిషి, మోకాళ్లు స్టీరింగుకి తగులుతున్నా అలాగే కూర్చుని తొక్కాడు.

బ్రేకు గట్టిపడింది. ఇన్నేళ్లూ ఆవిడని ఆ సీట్లో కూర్చోబెట్టి తొక్కమని అరిచానే గాని, ఒక్కనాడైనా కారు తోలడం నేర్పలేదు.