పుష్పవతి వదిన కడిగిన తీగ

జగ్గయ్యపేట కంసాలి వీధిలో మా అన్నయ్య బసవయ్య పనితనం మెచ్చుకోనివాళ్లు లేరు. కమ్మచ్చు అనే ఇనప పలక బెజ్జాల్లోంచి బంగారాన్ని దారంలా లాగేవాడు. తీగ సులువుగా జారడానికి పూసిన మైనం వదిలించడం మా వదిన పుష్పవతి పని. దాన్నెవరు మెచ్చుకుంటారు, అంట్లు తోమడం కింద జమకట్టేశారు! జిడ్డు రవ్వంత మిగిలినా అతుకు నిలవదు. ఆవిడ కుంకుడు నురగలో కడిగి తెల్లగుడ్డతో తుడిచేది. గుడ్డకు మరక అంటితే మళ్లీ మొదలు. ఏం ఓపికమ్మా అది!

అరవై మూడులో పద్నాలుగు క్యారట్లు దాటి కొత్త నగ చెయ్యకూడదని ప్రభుత్వం ఆజ్ఞ తెచ్చింది. వీధిలో సగం కుంపట్లు ఆరిపోయాయి. రాగి దండిగా కలిసిన ఆ బంగారం కాలిస్తే నల్లబడేది. నలుపు పోవాలని పటికా చింతపండూ వేసిన నీళ్లలో మరిగిస్తే, అన్నయ్య ఇనప పట్టకారుతో తీసేసరికి ఎర్రబారేది. చిల్లకల్లు కృష్ణయ్యగారు కూతురి పెళ్లి గొలుసు అలా చూసి, ఇది బంగారమేనా అని నలుగురిలో అడిగేశాడు. రేపు సాయంత్రం వస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే తనకొద్దని చెప్పి వెళ్లాడు.

అన్నయ్య కుంపట్లో చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. కంసాలి కుంపటికి నివురు కప్పుతారు గానీ నీళ్లు పొయ్యరు. ఇక ఈ పనికి దండమని, కమ్మచ్చును గోనెసంచిలో చుట్టి, నందిగామలో అమ్మేసి కూలికి పోతానన్నాడు.

మర్నాడు పొద్దున వదిన పటిక గిన్నెలో పాత నీళ్లు పారబోస్తుంటే, పట్టకారుకు అందక అడుగున ఉండిపోయిన గొలుసు తీగముక్క చేతికొచ్చింది. అది పచ్చగా ఉంది! దాన్ని, పట్టకారును, ఎర్రబారిన గొలుసును మార్చి మార్చి చూసింది.

"ఏవండీ, పట్టకారు తగలని ముక్క పచ్చగానే ఉంది. ఆ నీళ్లలో ఇనుం పెట్టకూడదు," అంది.

అన్నయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడే ఎదురింటి నుంచి నిప్పు తెచ్చింది. గొలుసును మళ్లీ కాల్చి, కొత్త నీళ్లలో మరిగించి, వెదురుపుల్లతో పైకి తీసింది. కుంకుడు నురగలో కడిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఎండ తగిలిన తంగేడుపువ్వులా ఉంది గొలుసు. ఇన్నేళ్లొచ్చినా ఆ పసుపు నా కళ్లముందే ఉంది.

సాయంత్రం కృష్ణయ్యగారు తన తెల్ల ఉత్తరీయంతో గొలుసును రుద్ది రుద్ది చూశాడు. మచ్చ పడలేదు. కళ్లకద్దుకుని పట్టుకెళ్లాడు.

అన్నయ్య గోనెసంచి విప్పి కమ్మచ్చు బయటికి తీశాడు. వదిన వైపు చూడలేక నేల చూస్తూ, "ఇకనించి నువ్వు తీగ కడిగి సరేనంటేనే అతుకేస్తా," అన్నాడు.

"ముందు కుంపటికి నివురు కప్పండి," అంది వదిన. "రేపటికి నిప్పుండాలిగా."