నాయన పాదాలు, వెలుగోడు చలి

మా ఇంట్లో జ్వరం ఉందా లేదా అని తేల్చేది మా అమ్మ అరచెయ్యి. నంద్యాలలో ఎన్ని ఆస్పత్రులున్నా, వాటిలో ఎన్ని రకాల మిషన్లు దిగినా, ఆ అరచేతి తీర్పు మీద అప్పీలు లేదు. పైగా ఆమె అందరిలా నుదురు పట్టుకుని చూడదు. పాదం పట్టుకుని చూస్తుంది. ఏ రోగమైనా మనిషిలోకి అరికాలి గుండానే ఎక్కుతుందని, ముక్కూ గొంతూ దానికి చివరి స్టేషన్లు మాత్రమేనని ఆమె సిద్ధాంతం. నాకు యాభై దాటినా, ఇప్పటికీ వరసగా రెండు తుమ్ములు తుమ్మితే వంటింట్లోంచి వచ్చి ముందు నా కాలు లాక్కుంటుంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే నాకు లాడం కొడుతోందనుకుంటారు.

పోయిన చలికాలం మా నాయన వెలుగోడు రిజర్వాయరుకు చేపల వేటకు పోయి, చేపకు బదులు దగ్గు పట్టుకొచ్చాడు. అది మామూలు దగ్గు కాదు. ఆయన ఇంట్లో దగ్గితే మా వీధిలో ఆటోలు లారీ వస్తోందనుకుని పక్కకు తప్పుకునేవి. అమ్మ మిరియాలూ శొంఠీ తులసీ కలిపి కాచిన కషాయం కాగులు కాగులుగా ఖర్చయింది. దగ్గు తగ్గిన రోజునే తీర్పు వచ్చింది: చలికాలంలో గాలం ముట్టకూడదు.

మా నాయనకు చేపల వేటంటే చలికాలం వేటే. ఎండాకాలం మా సీమలో నీళ్ళ దగ్గర కూర్చుంటే చేపకంటే ముందు మనిషే వేగిపోతాడు. అందుకని ఏడాదిలో మిగతా కాలమంతా ఆయన చలి కోసం ఎదురుచూసే మనిషి. అలాంటివాడు ఈసారి చలి వచ్చాక కూడా ఇంట్లో కూర్చున్నాడు. మొదట్లో కొక్కేలకు నూనె రాస్తూ కూర్చున్నాడు. తర్వాత పెరట్లో బకెట్టు పెట్టుకుని గాలం విసరడం మొదలెట్టాడు. ఆ గాలానికి అమ్మ ఆరేసిన చీర పడింది, నా లుంగీ పడింది, గోడ మీదుగా పోయి పక్కింటి కోడి కూడా పడబోయి, దాని అదృష్టం కొద్దీ తప్పించుకుంది. ఆఖరికి అదీ మానేశాడు. ఊరికే గోడ వంక చూస్తూ కూర్చునేవాడు.

అమ్మను భయపెట్టింది మాత్రం ఉగ్గాని. ఆమె చేసే ఉగ్గానిని, అంటే బొరుగుల ఉప్మాను, పెళ్ళయిన నాటి నుంచి ఆయన తిట్టకుండా తిన్న రోజు లేదు. తిట్టి, రెండోసారి పెట్టించుకుని తినడం ఆయన పద్ధతి. ఒకరోజు ఉప్పు వేయడం మరిచిపోయి పెట్టింది. ఆయన సగం తిని, "బాగుండాది" అని ప్లేటు పక్కన పెట్టాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "ఏందిరా మీ నాయన? ఉప్పు లేని ఉగ్గాని బాగుండాదంటాండాడు! మనిషి ఏమైపోతాండాడో నాకు దిగులుగా ఉండాది."

"చేపలకు పంపించమ్మా, తిట్లు తిరిగొస్తాయి."

అమ్మ చేట అందుకుని బొరుగులు చెరిగింది. "ఒక్కసారి పంపిస్తా. కాళ్ళు ఎట్ల పంపిస్తానో అట్లే తేవల్ల. గడప కాడ్నే నేను పట్టుకుని చూస్తా. సల్లగా తెచ్చినావో, గాలం పొయ్యిలోకి, నువ్వు వీధిలోకి. ఆయప్ప ఇంక వేట మాట ఎత్తకూడదు, సచ్చిందాకా."

అలా నాయన మిగతా జీవితం ఆయన పాదాల వేడి మీద ఆధారపడింది. ఆ పాదాలకు కాపలాదారును నేను.

ఈ సంగతి తెలిసి ఆళ్ళగడ్డ నుంచి నాయన చిన్ననాటి స్నేహితుడు బస్సులో దిగాడు. వాళ్ళది తరాలుగా దూదేకి రజాయిలు కుట్టే ఇల్లు. నాయనా ఆయనా ఒకరినొకరు బావా అనుకుంటారు, నేను మామా అంటాను. ప్రపంచంలో చలి అనేది ఇంకా మిగిలి ఉందంటే దానికి కారణం తన దగ్గర అందరూ రజాయిలు కుట్టించుకోకపోవడమేనని ఆయన నమ్మకం. చంకలో పెద్ద మూట తెచ్చాడు. విప్పితే, గులాబీ పూల గుడ్డతో కుట్టిన దూది సంచి. నడుము దాకా వచ్చేంత పొడుగు, కొత్తగా పెళ్ళయిన జంట అందులో కాపురం పెట్టుకునేంత వెడల్పు.

"ఏందప్పా ఇది, నన్ను కుట్టేసి పార్సిలు చేస్తాండావా?" అన్నాడు నాయన.

"నోరు మూసుకుని కాళ్ళు పెట్టు బావా. నా దూదిలో కాలు పెట్టినోడు ఉగాది దాకా బయటికి తీయడు."

"రెండు కాళ్ళూ ఒకే సంచిలోనా?"

"మరి? ఒక కాలికి ఇంకో కాలు తోడు. ఒకదాన్నొకటి కాంచుకుంటాయి. యాడదాన్నాడ ఇడదీస్తే బెంగతో సల్లబడతాయి."

ఇంత గొప్ప శాస్త్రానికి ఎదురు చెప్పేంత చదువు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం తెల్లవారుజామున నాయనను తయారుచేయడం బ్రహ్మోత్సవంలో దేవుణ్ణి అలంకరించినట్టు సాగింది. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె అరికాళ్ళకు మర్దనా చేసింది. దాని మీద నూలు మేజోళ్ళు, వాటి మీద ఉన్నివి. బనియన్ల మీద స్వెట్టర్లు, స్వెట్టర్ల మీద నా పెళ్ళినాటి కోటు, అన్నిటి మీదా గొర్రెబొచ్చు కంబళి. మఫ్లరు చుట్టాక కళ్ళు మాత్రం మిగిలాయి. కోటు జేబుల్లో వేయించిన ఉప్పు మూటలు పెట్టింది. కారు సీట్లో ముందు బట్టలు కూర్చున్నాయి, నాయన కాసేపటికి వచ్చి వాటిలో సర్దుకున్నాడు. ఇంట్లో ఉన్న ఉన్ని అంతా ఆయన మీదే ఖర్చయింది గనుక నాకు ఒక తువ్వాలు మిగిలింది.

వెలుగోడు కట్ట దగ్గర దిగేసరికి నల్లమల మీదనుంచి గాలి దిగుతోంది. మంచుదేశాలవాళ్ళు దాన్ని పిల్లగాలి అంటారేమో. కానీ ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మా రక్తానికి అది హిమాలయాల నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చిన గాలి. నాయనను కట్ట రాళ్ళకు వీపు ఆనించి, గాలి తగలని చోట గడ్డి పరిచి కూర్చోబెట్టాం. మామ సంచి తొడిగి నడుము దగ్గర నాడా బిగించాడు. చేతికి వెదురు కర్ర ఇచ్చాం. కొక్కేనికి జొన్నపిండీ శనక్కాయ చెక్కా కలిపిన ముద్ద పెట్టి నీళ్ళలోకి వేశాడు. నీటి మీద బెండు తేలింది. నాయన ముఖంలో, కనబడే ఆ కొంచెంలోనే, వెలుగు వచ్చింది.

"ఎట్లుండాది బావా?" అన్నాడు మామ.

"కాళ్ళకు చెమట్లు పడతాండాయప్పా. ఇంత సుకం పెళ్ళిలో కూడా లేదు."

ఫ్లాస్కులోంచి శొంఠి టీ పోసుకున్నాం. జొన్నరొట్టెలు విప్పాం. శనక్కాయల ఊరుబిండి పచ్చడి నంజుకుంటే, ఆ కారం నాలుక మీద నిప్పు రాజేసి, చెవుల దాకా వెచ్చబెట్టి, నడినెత్తిన పొగై లేచింది. అంత కారమూ నాకు చాల్లేదు. నా పళ్ళు కొట్టుకునే చప్పుడు రిజర్వాయరు అవతలి గట్టున వినబడుతోంది.

"పండ్లు టకటకలాడించాకురా," అన్నాడు నాయన. "చేపలు మగ్గం అనుకుని పారిపోతాండాయి."

మామ నా వంక జాలిగా చూశాడు. "నీకు కూడా ఒకటి కుట్టల్లేమో అల్లుడా."

ఎండ పొడుచుకొచ్చి నీటి పైపొర వెచ్చబడే వేళకు బెండు ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. తర్వాత ఎవరో కిందనుంచి పిలిచినట్టు గభాల్న మునిగిపోయింది. వెదురు కర్ర విల్లులా వంగింది.

పెద్ద చేప పడినప్పుడు కూర్చుని లాగినవాడు లోకంలో లేడు. నాయన లేచాడు. లేచాకే ఆయనకూ మాకూ ఒకేసారి తెలిసింది, మనిషికి ఒకే కాలు ఉందని. చేప అటు లాగింది. ఆయన గెంతాడు. చేప ఇంకాస్త లాగింది. ఆయన ఇంకో గెంతు గెంతాడు. కంబళి జారింది, ఉప్పు మూటలు ఎగిరాయి, కోటు రెక్కలు విప్పింది. బడిపిల్లలు గోనెసంచి పందెంలో గెంతుతారే, అలా డెబ్బై దాటిన మనిషి గులాబీ పూల సంచిలో కట్ట వాలంతా గెంతుకుంటూ పోతున్నాడు.

"కర్ర ఇడ్సు బావా!" అని మామ అరిచాడు.

"నీ సంచి ఇడ్సుతా, కర్ర ఇడ్సను!" అని నాయన అరిచాడు.

ఆఖరి గెంతు నీళ్ళలోకి. మోకాళ్ళ దాకా దిగబడి ఆగాడు. నేనూ మామా దూకి చెరో చంకా పట్టుకునేలోపు ఆయన వంగి, చేపను రెండు చేతులా కౌగలించుకున్నాడు. బొచ్చె చేప. దాని పొడవు ఎంతంటే, మామ ఆళ్ళగడ్డలో చెప్పుకునేది దూడంత. నేను నిజాయితీపరుణ్ణి గనుక మేకపిల్లంత అంటాను. మా నవ్వులకు కట్ట మీద కొంగలన్నీ లేచి తెలుగుగంగ కాలువ దాకా పోయి ఉంటాయి.

నవ్వి నవ్వి ఒడ్డుకు లాగాక, మామ సంచి ఊడదీశాడు. దూది రిజర్వాయరులో సగం తాగేసింది. పిండుతుంటే పిల్లకాలువ పారింది. మేజోళ్ళు లాగి నేను నాయన పాదాలు ముట్టుకున్నాను. నా నవ్వు ఆగిపోయింది. ఐసుగడ్డలు.

"అయిపోయిందిరా," అన్నాడు నాయన మెల్లగా. చేపను ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూశాడు. "ఇదే కడాపటి చేప నాకు."

ఆ మాటకు మామ తన మఫ్లరు ఊడబెరికి పాదాలు రుద్దడం మొదలెట్టాడు. నేను కందికట్టె ఏరి మంట వేశాను. మంట ముందు కాళ్ళు పెడితే పైన వెచ్చన, అడుగున చల్లన. వెనక్కి తిప్పితే అడుగు వెచ్చన, పైన చల్లన. దోసెలా తిప్పుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. కారెక్కాం.

నంద్యాల దారిలో ఒక ఊరి చివర బొరుగుల బట్టీ మండుతోంది. పెద్ద బాండలిలో ఇసుక ఎర్రగా కాగుతుంటే, ఒకామె అందులో బియ్యం పోసి బొరుగులు పేలుస్తోంది. ఆ ఇసుక చూడగానే మామా నేనూ ఒకేసారి "ఆపు!" అన్నాం. తోలుతున్నది నేనే గనుక ఆపాను.

"అమ్మా, కొంచెం కావల్ల," అన్నాను.

"శేరా, రెండు శేర్లా?"

"బొరుగులు కాదు. ఇసక."

"ఇసకెందుకప్పా?"

"మా నాయనకు."

ఆమె కారులోకి తొంగి చూసింది. ముఖం నిండా మఫ్లరు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, ఒళ్ళో చేప. "ఏందీ, ముసలాయన్ని వేంచల్లనా?"

సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వి, పక్కన ఆరబోసిన వెచ్చటి ఇసుక గోనెసంచిలోకి తోడింది. మోచెయ్యి ముంచి చూసి, "బేగా పెట్టప్పా కాళ్ళు, సల్లారిపోతాది," అంది. నాయన కాళ్ళు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఊరు దగ్గరపడే దాకా తెరవలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "స్వర్గం కింద్నించి పైకొస్తాండాది," అన్నాడు.

మా వీధి మలుపులో పాదాలు దులిపి, కారులో పడున్న నా పొడి మేజోళ్ళు తొడిగాం. అమ్మ గడపలోనే కూర్చుని ఉంది. చేప వంక కన్నెత్తి చూడలేదు. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, మేజోళ్ళు లాగి, అరచెయ్యి ఆనించింది.

ఆనించి, చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది.

"కాలిపోతాండాది! ఓయమ్మో, ఇంత జొరం నా జన్మలో చూడలేదు! రేయ్, నిన్ను నమ్మి పంపించినా గదరా! గాలం యాడుంది? తే ఇట్ల!"

జ్వరం కాదంటే ఇసుక సంగతి చెప్పాలి. ఇసుక చెబితే నీళ్ళు బయటపడతాయి. ఎటు చూసినా పొయ్యే. అమ్మ అప్పటికే గాలం కర్ర చేతిలోకి తీసుకుంది.

"అక్కా, అది…" అని మామ నసిగాడు.

నాయన లేచి నిలబడ్డాడు. "జొరం లేదు, గిరం లేదు. ఇసక. బొరుగుల ఇసక. నీళ్ళలో పడితి. ఏం చేయల్ల మరి? ఈయప్ప నన్ను ఒంటికాలోణ్ణి చేసె!"

అమ్మ కర్ర నేలకు ఆనించింది. "నీళ్ళలో ఎట్ల పడినావు?"

చెబితే సరిపోదనుకున్నాడేమో, తడిసిన సంచి తెచ్చి మళ్ళీ తొడుక్కున్నాడు. కర్ర ఆమె చేతిలోంచే లాక్కున్నాడు. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి, చేప లాగుతున్నట్టు, మొహం అష్టవంకర్లు తిప్పుతూ, గెంతుకుంటూ పోయాడు. ప్రతి గెంతుకూ సంచిలోంచి నీళ్ళు చిమ్మి గోడలకు పన్నీరు చల్లినట్టయింది. ఆఖరున సోఫా మీద పడి దిండును కౌగలించుకుని, "ఇట్ల పట్టుకున్యా!" అని అరిచాడు. ఏడాదిగా ఆ ఇంట్లో అంత గట్టిగా ఆయన గొంతు విన్నది లేదు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. నవ్వు భుజాల్లోంచి, ముక్కులోంచి, కళ్ళలోంచి వచ్చింది. నేల మీద కూర్చుని, గోడకు ఆనుకుని, ఊపిరాడక చెయ్యి ఊపింది.

"ఆకలైతాంది," అన్నాడు నాయన సోఫాలోంచి. "పొద్దున్నే చేసినావే ఉగ్గాని, ఉంటే తే. మట్టి మాదిరుంటాది, అయినా తే."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. లేచి పోయి ప్లేటు నిండా తెచ్చి ఆయన ముందు పెట్టింది. తర్వాత కుట్టుమిషను డ్రాయరు లాగి కత్తెర తీసి, ఆ తడి సంచిని ఒళ్ళోకి లాక్కుని, సరిగ్గా నడిమధ్యన కోత పెట్టింది.

"అక్కా! అక్కా! అది నా చేతి పని!" అని మామ గుండె పట్టుకున్నాడు.

"నీ చేతి పనే ఆయన్ను ముంచింది. ఒక కాలికి ఒక సంచి కుట్టల్ల అని తెలీదా అప్పా నీకు? సూదీ దారం తీసుకో, నువ్వా పక్క కుట్టు, నేనీ పక్క కుడతా." దూది పింజలు హాలంతా ఎగిరాయి. ఒకటి వచ్చి నాయన ఉగ్గానిలో పడింది. ఆయన దాన్ని తిడుతూ తీసి పక్కన పెట్టి, రెండోసారి వడ్డించమని ప్లేటు చాచాడు.

"ఇది ఆరేదానికి ఎన్నాళ్ళు పడతాది?" అని అడిగింది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఎండ బాగుంటే వచ్చే ఆదివారానికి ఆరతాదక్కా," అన్నాడు మామ దిగులుగా.

"అయితే వచ్చే ఆదివారమే పోండి. ఇసక నేనే ఈడ కాంచి కట్టిస్తా."