నాగజెముడు పండు రసం

మా మామ నాతో మాట్లాడేవాడు కాదు. కోపమేమీ లేదు, అది ఆ ఇంటి పద్ధతి. కోడలితో చెప్పాల్సింది అత్తతో చెప్పేవాడు, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. "దానికి చెప్పు, మజ్జిగ పులిసింది" అనేవాడు. నేనూ అత్త మొహం చూసే జవాబివ్వాలి. బిడ్డ తల్లినయ్యాక కూడా ఆయన నన్నుద్దేశించి ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్లు మండేది. అత్త మాత్రం, "నీకేమే, నా మాదిరి తిట్లు తినే పని లేదు గదా" అని నవ్వేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా ఇంటాయన దొర్నిపాడు వైపు చేలు చూసుకుంటూ ఎక్కువగా అక్కడే ఉండేవాడు. ఆ చలికాలం మా పాపకు కోరింత దగ్గు పట్టుకుంది. ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్ల. దగ్గు తెర వచ్చిందంటే మొహం నల్లబడేది, కళ్లు బయటికి పొడుచుకొచ్చేవి. చివర్న ఊపిరి లోపలికి లాగేటప్పుడు కోడి కూసినట్టు ఒక శబ్దం వచ్చేది. ఆ కూత వినబడేదాకా నా ప్రాణం నాది కాదు.

నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోదామని అత్త చేత అడిగించాను.

"కోరింత దగ్గుకు సూదేంది? ఎంతమందికి రాల్యా, ఎంతమందికి పోల్యా. దాని దినాలైతే అదే పోతాది" అన్నాడు మామ.

అత్త ఆయనకు అన్నం వడ్డిస్తూ, "మా యమ్మ కాలంలో నాగజెముడు పండు రసం తాపుతాండ్రి" అంది.

నాగజెముడు మన మొక్క కాదని, ఎప్పుడో అమెరికా వైపు నుంచి వచ్చిందని మా ఇంటాయన చెప్పేవాడు. ఎవరు తెచ్చారో గానీ, ఒకప్పుడు మా వైపు చేలగట్లు, బండి దారులు, ఊరి బీళ్లు అన్నిటినీ మింగేసిందట. దాన్ని తినే పురుగును ప్రభుత్వం వాళ్లు ఇస్తే, ఊరూరా పొదలకు పట్టించినవాళ్లలో మా మామే ముందు. తెల్లగా బూజులా పట్టే పురుగది. కొన్నేళ్లకే పొదలన్నీ కుళ్లి కూలిపోయాయట. ఆ కథ చెప్పేటప్పుడల్లా మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

"ఒక్క పొద లేకుండా చేసినా. ఇంగ పండు యాడిది?" అన్నాడు.

"కిరస్తానోళ్ల సమాధుల కంచెకు ఉండాయంట."

మామ చేతిలో ముద్ద కంచంలో పడేశాడు. "సమాధుల కాడి పండు నా మనవరాలి నోట్లో పెడ్తారా? దానికి చెప్పు, ఆ మాట మల్లా నాకు వినపడగూడదు."

'అది' పక్కనే నిలబడి అన్నీ వింటూనే ఉంది. మరుసటి రోజు ఆయన చేనికి పోగానే కొడవలి తీసుకుని బయల్దేరింది కూడా.

ఆ ఒక్క కంచెకు ఎందుకో బూజు పట్టలేదు. ఒక పెద్దామె అక్కడ సమాధుల మధ్య గడ్డి కోస్తూ ఉంది. బిడ్డ దగ్గు సంగతి చెప్తే, "కోసుకోమ్మా, చేతులు జాగర్త" అంది. ముదురెరుపు పండ్లు, ఒళ్లంతా నూగు ముళ్లు. ఎంత జాగ్రత్తపడ్డా వేళ్లకు దిగనే దిగాయి. ఇంటికొచ్చి ఇసుకలో దొర్లించి, పొయ్యిలో కాల్చి ముళ్లు పోగొట్టాను. అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నేనేం చూడల్యామ్మే. లోపల ఆకాశంలో చుక్క మాదిరి ముల్లుంటాది, అది తీసేయ్. గొంతులో పడితే తిరుక్కుంటాది."

ముల్లు తీసి, రసం గుడ్డలో వడగట్టి, తేనె కలిపి తాపాను. పాప పెదాలు చప్పరించింది. అన్ని రోజుల తర్వాత దాని మొహంలో ఇష్టమన్నది చూశాను.

మామ ఆ రోజు పెందరాళే ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే మనవరాలిని ఒళ్లో పెట్టుకున్నాడు. అంతలో దగ్గు తెర వచ్చింది. దగ్గి దగ్గి పిల్ల ఆయన తెల్ల పంచె మీద కక్కుకుంది. పంచె ఎర్రబారింది.

"నెత్తురు" అన్నాడు మామ. ఆ గొంతు నేనెన్నడూ విన్నది కాదు. పిల్లను భుజానేసుకుని, అదే పంచెతో బస్సుకు పరుగెత్తాడు. అత్త నా వైపు ఒక చూపు చూసింది. నేను ఆయన వెనక పరుగెత్తాను.

బస్సులో నా పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అది పండు రసమని చెప్పేస్తే మామ బస్సాపించి దిగిపోతాడు. మరి నిజంగా నెత్తురే అయితే? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు నేనే చేశానేమో? పెదాలు బిగించుకుని కూర్చున్నాను. భయంతో కాదు, బస్సు నంద్యాల చేరాలని.

డాక్టరు పంచె మీది మరక చూశాడు, పిల్ల నోరు తెరిచి చూశాడు. "ఇది నెత్తురు కాదు. ఏం తాగించారు?" అన్నాడు.

మామ అలవాటు కొద్దీ అత్త కోసం పక్కకు చూశాడు. అత్త లేదు. నేనే చెప్పాను, సమాధుల కంచెతో సహా. మామ ఎదుట నా గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు.

డాక్టరు నవ్వుతూనే పిల్ల రొమ్ముకు గొట్టం పెట్టాడు. వినేకొద్దీ ఆ నవ్వు పోయింది. రెండు వైపులా నెమ్ము చేరిందన్నాడు. ఇంకా ఇంట్లోనే పెట్టుకుని ఉంటే తాను చేయగలిగేదేమీ ఉండేది కాదన్నాడు. ఇప్పుడైనా గట్టిగా చెప్పలేనన్నాడు.

పెన్సిలిన్ సూదులు పడ్డాయి. వారాలు పట్టినా పిల్ల దక్కింది. ఆ రసం దగ్గుకు పనిచేసిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. మా మామను బస్సెక్కించింది, నాకదే చాలు.

కానీ ఆ సాయంత్రం ఇవేవీ మాకు తెలియవు. మామ ఆసుపత్రి వరండా బల్ల మీద, ఎర్ర మరకల పంచెతో తల దించుకుని కూర్చున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి, వేళ్లలో దిగిన నూగు ముళ్లు గిల్లుకుంటున్నాను.

"లోపలి ముల్లు తీసినావా?"

ఎవరినడుగుతున్నాడోనని వెనక్కి చూశాను. నేను తప్ప అక్కడ ఎవరూ లేరు.

"తీసినా మామా."

పంచె మీది మరకను బొటనవేలితో రుద్దాడు. తర్వాత, "నాకు మా యమ్మ తీసి తాపుతాండె" అన్నాడు.

మరి ఎందుకు వద్దన్నావని అడగబోయాను. అంతలో లోపల పాపకు దగ్గు తెర మొదలైంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆ కోడి కూత వినబడేదాకా మా ఇద్దరికీ ఊపిరాడలేదు.