అమ్మ కడుపులో పులిహోర

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో వైజాగ్ బీచ్ దగ్గర ఎగ్జిబిషన్ పెట్టేవారు. ఒక సాయంత్రం గేటు ముందు లైన్లో మేం నలుగురం. నాన్న, నేను, తమ్ముడు, నిండు కడుపుతో అమ్మ.

నిజానికి ఆ కడుపులో ఉన్నది పులిహోర!

అరిటాకుల్లో చుట్టి, పాత పంచెలో మూటగట్టి, నాన్న తువ్వాలుతో నడుముకి బిగించుకుంది. ఎందుకంటే బయటి తిండి లోపలికి తేకూడదని గేటు దగ్గర బోర్డు. లోపల స్టాళ్ళలో తింటే జెయింట్ వీల్ ఎక్కలేం, వీల్ ఎక్కితే పస్తే. నాన్న పోర్టులో క్రేను దగ్గర కళాసీ... రెండూ కుదిరే జీతం కాదు.

వీల్ మీద ఆశ మాకంటే అమ్మకే ఎక్కువ. పోర్టు లోపలికి ఇంట్లోవాళ్ళని రానివ్వరు కదా... నాన్న రోజూ ఎక్కడ ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. "పైకెళ్తే ఓడలు, క్రేన్లు అన్నీ అగుపిత్తాయట. ఒక్కపాలి సూసెత్తాను" అని వారం నుంచి ఒకటే పాట.

లైన్లో మా ముందున్నాయన దగ్గర క్యారేజీ దొరికింది. గేటువాళ్ళు లాక్కుని, అందరూ చూస్తుండగా నానా మాటలూ అన్నారు. పాపం, ఆయన తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు.

"పొట్ట కాలిపోతంది... బేగి నడవండి" అంది అమ్మ, పెదవి కదపకుండా.

"ఒలే, మాటాడకు" అన్నాడు నాన్న పళ్ళ బిగువున.

పొయ్యి మీంచి దించిన వేడి తగ్గకుండానే కట్టేసుకుంది మహాతల్లి! పైగా ఇంగువ ఘుమఘుమ... తమ్ముడు అమ్మ పొట్ట వంక ఆశగా చూస్తూ "ఆకలేత్తంది నాన్నా" అన్నాడు. వాడి తొడ మీద ఒక్కటి గిల్లాను.

గేటు దగ్గర ఒక ముసలాయన మా సంచి తెరిచి చూశాడు. నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. అప్పుడు అమ్మ వైపు చూశాడు...

"ఏటి తల్లీ, నెలలు నిండినట్టున్నాయి. ఈ తొక్కిసలాటలోకి ఎందుకొచ్చినావు?"

"పిల్లలు ఏడుత్తన్నారు బాబూ..."

ఆయన తన స్టూలు తెచ్చి వేశాడు. "కూకో తల్లీ, కాసేపు కూకో."

కూర్చుంటే మూట చితికిపోతుంది! అమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడే చూశాను... చీర మీద పసుపు నూనె మరక, రూపాయి బిళ్ళంత. నేను గబుక్కున వెళ్ళి అమ్మ పొట్టకి అతుక్కుపోయాను. "కూకుంటే మళ్ళీ లెగలేను బాబూ" అంది అమ్మ. ఆయన జాలిగా నవ్వి, జనాన్ని పక్కకి జరిపి మరీ మమ్మల్ని లోపలికి పంపించాడు.

ఒక డేరా వెనకాల చీకట్లో కూర్చుని ఆ పులిహోర లాగించాం. అమ్మ పొట్ట మీద ఎర్రగా కందిపోయింది. అయినా నవ్వుతూనే ఉంది.

"ఇంక విప్పేయే, వీల్ ఎక్కుదాం" అన్నాడు నాన్న.

"ఆ ముసలాయన అగుపించి, కడుపేదని అడిగితే ఏటి సెప్తాను?" అంటూ ఖాళీ పంచెనే ఉండచుట్టి మళ్ళీ కట్టుకుంది.

అదే కొంప ముంచింది.

"కడుపుతో ఉన్నోళ్ళని ఎక్కించం" అన్నాడు వీల్ దగ్గర కుర్రాడు. నాన్న బతిమాలాడు. అమ్మ నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా... ఇంతలో వెనకనుంచి అదే ముసలాయన! చేతిలో కాగితం పొట్లం. ఉప్పూకారం జల్లిన మామిడికాయ ముక్కలు.

"ఇది తిను తల్లీ. కడుపుతో ఉన్నోళ్ళకి నోరూరతాది. వీల్‌దేటుంది, పురుడయ్యాక ఎక్కుదువు గాని."

అమ్మ నోరు మూసుకుంది. టిక్కెట్టు నాన్న చేతిలో పెట్టేసింది.

పైకి వెళ్ళాం. హార్బర్లో ఓడల దీపాలు, క్రేన్లు... "అదిగో, నా క్రేను" అని నాన్న చూపిస్తున్నాడు. నేను మాత్రం కిందికే చూస్తున్నాను. ముసలాయన పక్కనే ఉన్నాడు. అమ్మ ఒక చెయ్యి లేని కడుపు మీద వేసుకుని, ఒక్కొక్క ముక్కా తింటూ, మా వైపే తలెత్తి చూస్తోంది. కళ్ళు తుడుచుకుంటోంది. కారానికేమో అనుకున్నాను అప్పుడు.

దిగగానే అడిగింది... "మీ నాన్న క్రేను అగుపించిందా?"

మొన్న మళ్ళీ వైజాగ్ బీచ్ దగ్గర పెద్ద జెయింట్ వీల్ పెడితే అమ్మని తీసుకెళ్ళాను. నాన్న లేడు ఇప్పుడు. చుట్టూ ఎన్ని స్టాళ్ళో... ఏది కావాలంటే అది కొనగలను. టిక్కెట్టిచ్చే అబ్బాయి అమ్మ వయసు, బీపీ అడిగి, తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు లేని కడుపు, ఇప్పుడు ఉన్న బీపీ... నువ్వెళ్ళి సూసిరా" అని నవ్వింది.

నేను దిగేసరికి బెంచీ మీంచి లేచి ఎదురొచ్చింది. "మీ నాన్న క్రేను అగుపించిందా?"

మాకు ఆకలి లేకుండా చూసిన మనిషి ఇంకా కిందే నిలబడి ఉంది. మీ ఇళ్ళల్లోనూ, మిమ్మల్ని పైకి పంపించి కింద ఉండిపోయినవాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి ఇక్కడ రెండు ముక్కలు రాయండి...