దిక్సూచి పక్కన తాళంచెవి

ఫ్లయింగ్ క్లబ్బు దరఖాస్తులో "ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా?" అని ఒక ప్రశ్న ఉండేది. దాని ఎదుట "లేదు" అని రాశాను. చిన్నప్పటి నుంచి మా ఇంటిల్లిపాదీ కలిసి ఆడుతున్న అబద్ధమే కదా. నేను పడిపోయినప్పుడల్లా అవ్వ వాకిలి తలుపు మూసేది. పక్కింటివాళ్లు అడిగితే ఎండదెబ్బ అనేది. చలికాలంలో పడినా ఎండదెబ్బే.

మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. మెట్‌పల్లిలో మా ఇంటి దర్వాజాకు బెత్తెడు పొడవున్న ఇనుప తాళంచెవి ఉండేది. నాకు ఫిట్స్ వస్తే అవ్వ దాన్ని నా పిడికిట్లో ఇరికించి, పైనుంచి తన రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకునేది. చేతికి ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని అందరి నమ్మకం. తెలివొచ్చేసరికి నా అరచేతిలో ఆ తాళంచెవి అచ్చు పడి ఉండేది. దాన్ని చూసుకుంటే, ఓహో మళ్లీ వచ్చిపోయిందన్నమాట అని తెలిసేది.

మందులు కూడా వాడాను. డెబ్బైల మొదట్లో డిగ్రీ కోసం హైదరాబాదు వెళ్లాక, రెండేళ్లపాటు ఒక్కసారీ రాకపోయేసరికి నాకు నేనే డాక్టరునై వాటిని మానేశాను. విమానాల పిచ్చి పట్టింది కూడా అప్పుడే. క్లబ్బులో చేరే ముందు ఊరికి వెళ్తే, అవ్వ నా సంచిలో తాళంచెవి పెట్టింది.

"పైకి పోయినప్పుడు జేబుల ఉంచుకో బిడ్డా. దర్వాజకు మీ బాపు కొత్త తాళం తెచ్చిండు."

"గంత పైన గిదేం జేస్తదే?"

"ఏం జెయ్యకపోతే మానె. నువ్వైతే ఉంచుకో."

నవ్వాను. కానీ ఎక్కిన ప్రతిసారీ అది నా చొక్కా జేబులోనే ఉంది. సైన్సు చదువుతున్నవాణ్ణే, అయినా లోపల భయం ఉంది మరి.

క్లబ్బు మైదానం చుట్టూ నాలుగుసార్లు ఒంటరిగా తిరిగి దిగాను. ఇక నన్ను ఒక్కణ్ణే దూరం పంపాలి. అంతకు ముందు గురువు పక్కన కూర్చుని ఒకసారి తీసుకెళ్లాలి. అది గట్టెక్కితే లైసెన్సు దగ్గర పడినట్టే. మా గురువు ఎయిర్‌ఫోర్సులో పనిచేసి వచ్చిన హైదరాబాదీ. ఉర్దూలో తిట్టి, తెలుగులో బుజ్జగించేవాడు. మేం వెళ్లాల్సింది మా కరీంనగర్ జిల్లాకే. అక్కడ గోదావరికి ఇవతల ఒక ఫ్యాక్టరీవాళ్ల చిన్న విమానాల మైదానం ఉంది.

"తొవ్వ నువ్వే చూస్కోవాలె. నేను నోరు తెరువ" అని చేతులు కట్టుకున్నాడు.

బెల్టు బిగించేసరికి జేబులోని తాళంచెవి పక్కటెముకల్లో గుచ్చుకుంది. ఆయన చూడకుండా తీసి, ఎదురుగా దిక్సూచి పక్కనున్న అంచు మీద పెట్టాను. దాని మీద మ్యాపు మడిచి కప్పాను. ఇక దారి పొడుగునా కళ్లు దిక్సూచికే అప్పగించి బుద్ధిమంతుడిలా నడిపాను.

రావాల్సినంతసేపు వచ్చాం. ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాలి. ఎంత వెతికినా ఒక్కటీ లేదు. కింద నది, మెట్లు, గుడి గోపురం. అది ధర్మపురి. నా జబ్బు పోవాలని అవ్వ నన్ను ఎన్నిసార్లు ఆ నీళ్లలో ముంచి లేపిందో లెక్కలేదు. ఆ రేవును నేను ఎంత పైనుంచైనా గుర్తుపడతాను.

"ఇదేనా నీ ఫ్యాక్టరీ?" అన్నాడు గురువు. తర్వాత నది వెంబడే కిందికి నడిపించి, ఎలాగో మైదానంలో దింపించాడు.

ఇంజను ఆపాక మ్యాపు ఎత్తాడు. తాళంచెవి తీసి దూరంగా పట్టుకున్నాడు. దిక్సూచి మెల్లగా పక్కకు జరిగింది. దగ్గరికి తెస్తే మళ్లీ తప్పుచోటికే వచ్చింది.

"గీ చాబి ఏంది?"

"ఇంటిది సార్."

"ఇల్లు మెట్‌పల్లిల. నువ్వుండేది హాస్టల్ల." తాళంచెవిని తన పిడికిట్లో పెట్టి మూసి చూశాడు. "ఫిట్సా? మా ఇండ్లల్ల గూడ చేతుల ఇనుము పెడ్తరు."

తెలుగులో, మెల్లగా అడిగాడు. ఉర్దూలో తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపాను.

"ఒక్కనివే తిరిగినప్పుడు కింద మనుషులున్నరు గదా. వాళ్లనడిగినవా?"

తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే రాసిస్తవా, నన్ను రాయమంటవా?"

మూర్ఛ ఉందని క్లబ్బుకు నేనే రాసిచ్చాను. తిరుగు ప్రయాణంలో విమానం ఆయన నడిపాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరికి వెళ్లి తాళంచెవిని అవ్వ ముందు విసిరేశాను. "నీ ఇనుపముక్క నా బతుకు ఖరాబు జేసింది. మల్ల దీన్ని నా చేతి దాకా తేకు" అన్నాను. దిక్సూచి అంటే ఏమిటో ఆమెకు తెలియదు. నేను చెప్పనూ లేదు. అబద్ధం రాసింది నేను, మందులు మానింది నేను. కానీ అవ్వ మీద అరవడం సులువు. ఆ సంగతి అరుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు. ఆమె వంగి తాళంచెవి తీసుకుని, కొంగుతో తుడిచి లోపలికి వెళ్లింది.

మూడు నెలలకు, పట్టపగలు, అన్నం తింటూ తింటూ పడిపోయాను. రాసివ్వకపోయి ఉంటే అప్పటికి ఎవరి ఊరి మీదో ఒంటరిగా ఎగురుతూ ఉండేవాణ్ణి.

తెలివొచ్చాక అలవాటుగా అరచెయ్యి చూసుకున్నాను. అచ్చు లేదు. వాకిలి తలుపు మూసి ఉంది. అవ్వ పక్కనే కూర్చుని ఉంది. తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది. ఎంతసేపటినుంచి బిగించి పట్టుకుందో, వేళ్లు తెల్లబడిపోయాయి.

"చేతుల పెట్టలేదేందే?" అన్నాను.

"నువ్వు తేవద్దన్నవ్ గద బిడ్డా."

చెయ్యి చాచాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. నిజంగానే అడుగుతున్నానా అని ముందు నా మొహం చూసింది.